గేమ్ స్టూడియోకి ఏ డబ్బు మంచిది: ఇన్వెస్టరా, పబ్లిషరా, ఇంటి డబ్బా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు, వాడి ముగ్గురు స్నేహితులు గుంటూరు నుంచి విజయవాడలో మా ఇంటికి వచ్చారు. అరండల్‌పేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని నలుగురూ కొన్ని నెలలుగా ఒక పీసీ గేమ్ చేస్తున్నారు. కొండపల్లి బొమ్మలతో నడిచే పజిల్ గేమ్. డెమో ఆడి చూశాను. పొణికి చెక్క మీద వేసిన రంగు ఎలా ఉంటుందో అచ్చం అలాగే తెర మీదికి తెచ్చారు. అంబారీ ఏనుగు కదులుతుంటే ముచ్చటేసింది.

"మావయ్యా, మూడు చోట్ల డబ్బు ఇస్తామంటున్నారు. ఏది తీసుకోమంటావు?" అన్నాడు మావాడు.

హైదరాబాద్ ఇన్వెస్టర్ ఒకాయన 80 లక్షలు పెడతానన్నాడు, కంపెనీలో 25 శాతం వాటా అడుగుతున్నాడు. ఒక విదేశీ పబ్లిషర్, అంటే గేమ్‌కి డబ్బు పెట్టి విడుదల చేసి అమ్మిపెట్టే కంపెనీ, 45 లక్షలు అడ్వాన్సు కింద విడతలుగా ఇస్తామన్నారు. మూడోది మా బావ, అంటే వాడి నాన్న. ఆర్టీసీలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి 18 లక్షలు ఇస్తానంటున్నాడు.

నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఆరుగురితో ఒక చిన్న గేమ్ స్టూడియో నాలుగేళ్లు నడిపాను. బయటి డబ్బు తీసుకున్నాను. అందుకే వాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఆ రోజు వాళ్లకి చెప్పినవి, తర్వాత గుర్తొచ్చినవి కలిపి రాస్తున్నాను. విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి గదుల్లో కూర్చుని గేములు చేస్తున్న పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లకీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ముందు ఆలస్యానికి లెక్క వేసుకోండి

ఎవరు ఎంత ఇస్తున్నారని వాళ్లు చెప్పుకుపోతుంటే ఆపి, "గేమ్ ఎప్పటికవుతుందిరా?" అని అడిగాను. "ఇంకా పద్నాలుగు నెలలు" అన్నారు. కాగితం మీద పద్నాలుగు పక్కన ఇరవై ఒకటి అని రాశాను. వాళ్ల మొహాలు చిన్నబోయాయి. కానీ నేను చేసిన గేముల్లో ఏదీ అనుకున్న నెలకి అవలేదు. ఆడి చూస్తే బాగోలేదని తెలిసేది పని సగం దాటాకే. అప్పుడు తీసేసి మళ్లీ చేయాలి. ఈ పనిలో ఆలస్యం అలా పుడుతుంది, బద్ధకం వల్ల కాదు. అందుకే అనుకున్న కాలానికి ఒకటిన్నర రెట్లు వేసుకుంటాను.

నలుగురి జీతాలు, అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి వాళ్ల ఖర్చు నెలకి 1.8 లక్షలు. 14 నెలలకి 25.2 లక్షలు, 21 నెలలకి 37.8 లక్షలు. మధ్య తేడా 12.6 లక్షలు. ఆ చివరి ఏడు నెలలు ఎవరి డబ్బుతో గడుస్తాయి, అప్పుడు ఆ డబ్బు ఇచ్చినవాళ్లు ఏమంటారు? మూడు ఆఫర్లనూ ఈ ప్రశ్నతోనే పోల్చాలి.

గుంటూరు పిల్లలు కాబట్టి మిర్చి యార్డు సంగతి ఎత్తాను. పంట పెట్టుబడికి కమీషన్ ఏజెంట్ దగ్గర డబ్బు తెచ్చుకున్న రైతు, కాయలు ఎండగానే టిక్కీలు కట్టి ఆయన కొట్టుకే తోలాలి. ఆ రోజు రేటు ఎంతుంటే అంతే. చేతిలో నాలుగు డబ్బులున్న రైతు అదే కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం ఆగుతాడు. పొలం ఒకటే, కాయ ఒకటే. ఒకడికి ఆగే వీలుంది, ఇంకొకడికి లేదు. ఇన్వెస్టర్ మీ గేములో వేలు పెడతాడా లేదా అన్నది ఆయన మంచితనం మీద కంటే, ఆయన డబ్బు ఎప్పటికి తిరిగి రావాలన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

కోట్ల కంపెనీలకీ ఇదే టెన్షన్

షేర్ మార్కెట్ డబ్బు మీ నా లాంటి వాళ్లకి వచ్చే ఆఫర్ కాదు. అయినా అక్కడ జరిగేది తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంది. సైబర్‌పంక్ 2077 గేమ్‌ని మొదట 2020 ఏప్రిల్ 16న విడుదల చేస్తామన్నారు. అది సెప్టెంబరుకి, తర్వాత నవంబరుకి, చివరికి డిసెంబరు 10కి జరిగింది. మూడుసార్లు వాయిదా వేశాక నాలుగోసారి వేయలేకపోయారు. టీవీకి తగిలించి ఆడే పాత కన్సోళ్ల మీద గేమ్ సరిగా నడవలేదు. విడుదలైన వారం రోజులకే సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసింది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. ఆ కన్సోళ్లకి ఇంకా సమయం కావాలన్న హెచ్చరికలని పట్టించుకోలేదని యాజమాన్యమే ఒప్పుకుంది. షేర్లు కొన్నవాళ్లు అమెరికాలో దావా వేస్తే 18.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. గమనించండి, తేదీ జరిపినప్పుడల్లా కంగారుపడిన మార్కెట్టే, సిద్ధం కాని గేమ్ బయటికి వచ్చాక కోర్టుకెళ్లింది. ఇన్వెస్టర్ తొందరపెట్టాడు కదా అని విడుదల చేస్తే తప్పు ఆయన మీదికి పోదు. మీ మీదే ఉంటుంది.

దీనికి పక్కన జీటీఏ 6 పెట్టి చూడండి. 2025లో వస్తుందన్నారు. 2025 మే నెలలో దాన్ని 2026 మే 26కి, ఆ నవంబరులో మళ్లీ 2026 నవంబరు 19కి జరిపారు. రెండుసార్లూ ఆ గేమ్ సొంతదారు టేక్-టూ కంపెనీ షేరు పడింది. అయినా జరిపారు. 2013లో వచ్చిన జీటీఏ 5 ఇప్పటికి 20 కోట్ల కాపీలకు పైగా అమ్ముడై, ఇంకా డబ్బు తెస్తూనే ఉంది. ఆ ఆదాయమే వాళ్లకి కోల్డ్ స్టోరేజీ.

ఇక మనకి నిజంగా దొరికే డబ్బుల్లోకి వస్తాను.

ఇంటి డబ్బు

సొంత డబ్బుకి బోర్డు మీటింగులుండవు. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే దాదాపు నాలుగున్నరేళ్లు కూర్చుని చేశాడు, 2016లో విడుదల చేశాడు. ఆ కాలంలో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పనిచేసేవాడు, ఇంట్లో తోడున్న అమ్మాయి సంపాదన ఆసరాగా ఉండేది. ఆస్ట్రేలియాలో టీమ్ చెర్రీ అనే చిన్న జట్టు హాలో నైట్ అమ్మకాల డబ్బుతో రెండో గేమ్ సిల్క్‌సాంగ్‌ని తీరిగ్గా చేసుకుంది. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరు 4న విడుదల చేశారు. మధ్యలో ఎవరూ వచ్చి ఎప్పుడవుతుందని బల్ల గుద్దలేదు.

కానీ అడిగేవాడే లేకపోతే ఇంకో ప్రమాదం. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్‌ని 1997లో ప్రకటించారు. 3డీ రియల్మ్స్ దగ్గర పాత గేమ్ తెచ్చిన డబ్బు ఉంది, గడువు లేదు. గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, కొత్తది వచ్చినప్పుడల్లా మార్చుకుంటూ పోయారు. 2009కి డబ్బైపోయి జట్టును ఇంటికి పంపారు. వేరే కంపెనీ పూర్తిచేసి 2011లో బయటికి తెచ్చింది. ఆగే వీలు ఒకటే ఉంటే చాలదు. సొంత డబ్బుతో చేసేవాళ్లు ప్రతి మూడు నెలలకీ బయటివాళ్లని పిలిచి ఆడించి, మొహమాటం లేకుండా తిట్టించుకోవాలి.

మా బావ డబ్బు సంగతి వేరు. అది సొంత డబ్బు కింద లెక్క వేయకూడదు. ఆ 18 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతానికి వేస్తే మూడు నెలలకోసారి 36,900 రూపాయలు వస్తాయి. అక్కా బావల మందులు, కిరాణా దాంతో గడుస్తాయి. ఈ గేమ్‌కి ఆ డబ్బు పది నెలల ఖర్చు. ఆ పది నెలల్లో గేమ్ ఎలాగూ అవదు. అంటే పెద్దవాళ్ల భద్రత పోతుంది, గేమ్ కూడా పూర్తవదు. "నాన్న అడగడు కదా మావయ్యా" అన్నాడు మావాడు. అడగడు. అందుకే తీసుకోవద్దన్నాను.

అప్పు

ఇది త్వరగా తేల్చేస్తాను. బ్యాంకు మీ గేములో పాత్ర రంగు మార్చమనదు, వాటా అడగదు. అంతవరకు మంచిదే. కానీ 10 లక్షల ముద్ర లోను 11 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే వాయిదా నెలకి దాదాపు 21,700. గేమ్ అమ్మేది రెండేళ్ల తర్వాత, కట్టాల్సింది ముందు నుంచి. కంప్యూటర్లు కొనడానికి పనికొస్తుంది, జీతాలకి పనికిరాదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలనే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. 20 లక్షలకి నెలకి 40 వేలు, 21 నెలలకి 8.4 లక్షలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చిట్టీ పాడి తెచ్చినా అంతే, ప్రతి నెలా కట్టుకోవాల్సిందే.

ఇన్వెస్టర్ డబ్బు

ఇక్కడ కాస్త నింపాదిగా చదవండి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఫండ్ నడిపే ఇన్వెస్టర్ డబ్బు ఆయనది కాదు. ఆయనా ఇంకొకరి దగ్గర తెచ్చాడు. మామూలుగా ఒక ఫండ్ ఆయుష్షు పదేళ్లు ఉంటుంది. మొదటి మూడు నాలుగేళ్లలో పెడతారు, మిగతా కాలంలో రాబట్టుకోవాలి. పది కంపెనీల్లో పెడితే ఏడెనిమిది పోతాయనే లెక్కతోనే పెడతారు. కాబట్టి మిగిలిన ఒకటీ రెండూ పది రెట్లు పెరగాలి. మీ గేమ్ బాగా అమ్ముడై పెట్టుబడికి రెండింతలు తెచ్చిందనుకోండి, మీ ఇంట్లో పండగే. ఆయన లెక్కలో మాత్రం అది చిన్న విషయం. మాట తేడా ఇక్కడే మొదలవుతుంది.

మా స్టూడియోలో ఇలాగే జరిగింది. మేం చేస్తున్నది కథతో నడిచే మొబైల్ గేమ్. 2022లో మా ఇన్వెస్టర్ బోర్డు మీటింగులో, డబ్బు పెట్టి ఆడే టోర్నమెంట్లు కలపమన్నారు. అప్పట్లో పెట్టుబడి అంతా అటే పోతోంది, తర్వాతి రౌండ్ రావాలంటే అదే దారి అన్నారు. నిజానికి మన రాష్ట్రంలో అలాంటి ఆటలు 2020 నుంచే నిషేధం. మేం విజయవాడలో కూర్చుని, విజయవాడలో ఎవరూ ఆడకూడని ఆట తయారుచేయాలన్నమాట. కాదనలేకపోయాం. అప్పటికి బ్యాంకులో మూడు నెలల జీతాలే ఉన్నాయి, రెండో విడత ఆయన చేతిలో ఉంది. తొమ్మిది నెలలు ఆ పని మీదే పోయాయి. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాళ్లు వేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది, లెక్కలు తారుమారయ్యాయి, ఆయన ఆసక్తి చల్లారింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలని దేశమంతా నిషేధించింది. మేం మొదలుపెట్టిన కథ గేమ్ ఈనాటికీ సగంలోనే ఉంది. దాని బొమ్మలు గీసిన అమ్మాయి వేరే ఊరు వెళ్లిపోయింది.

ఇన్వెస్టర్ అంటే తొందరపెట్టేవాడని అందరూ అనుకుంటారు. ఆలస్యం కూడా ఆయన వల్లే రావచ్చని నాకు అప్పుడు తెలిసింది. దిశ ఒకసారి మార్చితే ఆరు నెలలు పోయినట్టే.

కొన్నిసార్లు తేదీ వెనక్కి జరపమని పట్టుబట్టేది డబ్బున్నవాళ్లే అవుతారు. సబ్నాటికా గేమ్ చేసిన అన్‌నోన్ వరల్డ్స్ స్టూడియోని దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021లో 50 కోట్ల డాలర్లకు కొంది. ఆదాయ లక్ష్యాలు అందుకుంటే మరో 25 కోట్ల దాకా ఇస్తామని ఒప్పందం. 2025 జులైలో క్రాఫ్టన్ ఆ స్టూడియోని నడిపే ముగ్గురు పెద్దలని తీసేసి, సబ్నాటికా 2 ఎర్లీ యాక్సెస్‌ని (పూర్తికాకముందే గేమ్‌ని ఆటగాళ్లకి అమ్మడాన్ని) 2026కి జరిపింది. గేమ్ సిద్ధంగానే ఉంది, ఆ 25 కోట్లు ఎగ్గొట్టడానికే వాయిదా వేశారని స్థాపకులు అమెరికాలో దావా వేశారు. గేమ్‌లో ఇంకా సరుకు లేదు, అందుకే జరిపామని క్రాఫ్టన్ అంది. బోనస్‌ని తేదీకి ముడిపెడితే తేదీ ఎవరి చేతిలో ఉందనేదే అసలు ఒప్పందం అవుతుంది.

మావాళ్లకి వచ్చిన కాగితాలు చదివాను. 25 శాతం చూసి వాళ్లు భయపడుతున్నారు. నన్ను భయపెట్టింది వేరే. "రిజర్వ్‌డ్ మ్యాటర్స్" అనే పేజీలో, ఇన్వెస్టర్ రాతపూర్వక అనుమతి లేనిదే చేయకూడని పనుల జాబితా ఉంది. విడుదల తేదీ ఆ జాబితాలో లేదు. కానీ బడ్జెట్ పది శాతం దాటితే అనుమతి కావాలని ఉంది. 14 నెలల పనిలో పది శాతమంటే నెలన్నర కూడా కాదు. రెండు నెలలు ఆలస్యమైందా, బడ్జెట్ దాటినట్టే. తేదీ మీద ఆయనకి పూర్తి పట్టు దొరికినట్టే. తేదీ అనే మాట ఎక్కడా రాయకుండానే.

ఇంకో మాట "లిక్విడేషన్ ప్రిఫరెన్స్". కంపెనీ ఎప్పుడైనా కోటి రూపాయలకి అమ్ముడైతే ముందు ఆయన 80 లక్షలు ఆయన తీసుకుంటాడు. "పార్టిసిపేటింగ్" అని కూడా రాసి ఉంటే మిగిలిన 20 లక్షల్లో మళ్లీ 25 శాతం, అంటే ఇంకో 5 లక్షలు. నలుగురికీ కలిపి 15 లక్షలు మిగులుతాయి. 75 శాతం మాదే కదా అనుకుంటే ఇక్కడ ఉపయోగం లేదు.

ఇన్వెస్టర్లంతా ఇలాగే ఉంటారని నేననను. బల్డర్స్ గేట్ 3 చేసిన బెల్జియం స్టూడియో లారియన్‌లో చైనా కంపెనీ టెన్సెంట్‌కి దాదాపు 30 శాతం వాటా ఉంది. కానీ అవి ఓటు హక్కు లేని ప్రిఫరెన్స్ షేర్లు. నిర్ణయాలు స్థాపకుడి చేతిలోనే ఉన్నాయి. గేమ్ 2020 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చి, దాదాపు మూడేళ్లు ఆటగాళ్ల మాట వింటూ మెరుగుపడి, 2023 ఆగస్టు 3న పూర్తిగా విడుదలైంది. వాటా ఎంత అన్నదాని కంటే ఆ వాటాకి నోరుందా లేదా అన్నది ముందు చూడండి.

ఇన్వెస్టర్ డబ్బు ఎవరికి సరిపోతుందంటే, ఏళ్ల తరబడి నడిచే మొబైల్ గేమ్ చేసేవాళ్లకి, ఒక పనిముట్టు చేసి పది స్టూడియోలకి అమ్మాలనుకునేవాళ్లకి, జట్టును నలభై మందికి పెంచాలనుకునేవాళ్లకి. ఒక్క పజిల్ గేమ్‌ని బాగా చేసి అమ్ముకోవాలనుకునే నలుగురికి అది కొలత తప్పిన చొక్కా.

పబ్లిషర్ డబ్బు

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు చూసినవాళ్లకి పబ్లిషర్ పద్ధతి కొత్తగా ఉండదు. సినిమా పూర్తికాకముందే అడ్వాన్సు ఇస్తారు, విడుదలయ్యాక ముందు తమ డబ్బు రాబట్టుకుంటారు, తర్వాత లాభాల్లో వాటా. పబ్లిషర్ కూడా అంతే. కంపెనీలో వాటా అడగడు, ఒక్క గేమ్ మీదే ఒప్పందం. ఆ గేమ్ అయిపోతే మీ దారి మీది.

తేడా ఏమిటంటే డబ్బు మైల్‌స్టోన్లుగా వస్తుంది. మావాళ్లకి ఆరు విడతలు. ప్రతిసారీ ఒక బిల్డ్, అంటే అప్పటిదాకా తయారైన గేమ్, పంపాలి, వాళ్లు చూసి ఒప్పుకుంటేనే తర్వాతి విడత. ఒప్పుకోవడానికి వాళ్లు తీసుకునే గడువు పదిహేను పనిదినాలని రాశారు. అంటే మూడు వారాలు. ఆరు విడతలకి పద్దెనిమిది వారాలు. ఒక్క బిల్డ్ తిప్పి పంపినా ఆ నెల జీతాలు ఆగుతాయి. మీ ఆలస్యం తప్పు అంటారు, వాళ్ల ఆలస్యం మాత్రం ఒప్పందంలోనే భాగం. ఈ ఒక్క లైను మార్పించుకోవడానికి ఎంత గట్టిగా మాట్లాడినా తప్పులేదు.

రాబట్టుకునే పద్ధతిలో ఒక్క మాట తేడాతో జీవితం మారిపోతుంది. కాపీ 500 రూపాయలనుకుందాం. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ తీసుకునే 30 శాతం పోగా 350 మిగులుతుంది. పన్నులు, రీఫండ్లు పక్కన పెడదాం. పబ్లిషర్ తన 45 లక్షలని వచ్చిన మొత్తంలోంచి ముందు తీసుకుని తర్వాత సగం సగం పంచుకునే ఒప్పందమైతే, దాదాపు 12,860 కాపీలు అమ్మాక మీకు డబ్బు రావడం మొదలవుతుంది. అదే మీ సగం వాటాలోంచి మాత్రమే తీసుకునేట్టయితే కాపీకి 175 చొప్పున 25,710 దాకా అమ్మాలి. పైగా ఆ రెండో పద్ధతిలో పబ్లిషర్ తన సగం మొదటి కాపీ నుంచే తీసుకుంటుంటాడు. మావాళ్ల కాగితంలో రెండో పద్ధతి ఉంది. "సగం సగం అన్నారు కదా, న్యాయంగానే ఉందనుకున్నాం" అంది వాళ్లలో ప్రోగ్రామింగ్ చూసే అమ్మాయి.

స్కోరు మీద బోనస్ రాస్తే మురిసిపోకండి. ఫాలౌట్: న్యూ వేగాస్ చేసిన అబ్సిడియన్‌కి సమీక్షల సగటు స్కోరు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే బోనస్ ఉండేది, 84 వచ్చింది. గేమ్ లక్షల్లో అమ్ముడైనా ఆ ఒక్క పాయింటుతో బోనస్ పోయింది. ఎవరో రాసే సమీక్షల మీద మీ జీతాలు ఆధారపడకూడదు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది గేమ్ హక్కులు ఎవరి పేర ఉంటాయన్నది. డెస్టినీ గేమ్ కోసం బంగీ స్టూడియో 2010లో యాక్టివిజన్ అనే పబ్లిషర్‌తో ఒప్పందం చేసుకుంది. 2012లో ఒక కోర్టు కేసులో ఆ కాగితం బయటపడింది. 2013తో మొదలుపెట్టి రెండేళ్లకో గేమ్ ఇవ్వాలని అందులో ఉంది. మొదటిదే 2014 సెప్టెంబరుకి గానీ రాలేదు. ఆ పరుగు ఎంత కష్టంగా ఉన్నా, 2019 జనవరిలో విడిపోయినప్పుడు డెస్టినీ హక్కులు బంగీ దగ్గరే ఉన్నాయి. గేమ్ తీసుకుని బయటికి నడిచింది. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 చేస్తున్న స్టార్ థియరీ కథ వేరు. గేమ్ హక్కులు టేక్-టూవి. 2019 చివర్లో ఆ కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుని, అక్కడి డెవలపర్లకి తన కొత్త స్టూడియోలో ఉద్యోగాలు ఇస్తామంది. చాలామంది వెళ్లిపోయారు. కొన్ని నెలలకి స్టార్ థియరీ మూతపడింది. కొండపల్లి బొమ్మల గేమ్ మావాళ్ల పేరు మీదే ఉంటుందని పబ్లిషర్ కాగితంలో స్పష్టంగా ఉంది. చదివి ఊపిరి పీల్చుకున్నాను.

జనం డబ్బు, సర్కారు డబ్బు

గేమ్ రాకముందే అభిమానుల దగ్గర డబ్బు పోగుచేయడం మంచి పద్ధతే. హాలో నైట్ మొదలైంది కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం ఇచ్చిన 57 వేల ఆస్ట్రేలియా డాలర్లతోనే. కానీ మన దేశంలో ఉంటూ కిక్‌స్టార్టర్‌లో నేరుగా ప్రాజెక్టు పెట్టే వీల్లేదు. పుణె స్టూడియో నాడింగ్ హెడ్స్ వాళ్ల రాజీ గేమ్‌కి 2017లో క్రౌడ్‌ఫండింగ్ లక్ష్యం అందలేదు. వేరే దారులు వెతుక్కుని 2020లో విడుదల చేశారు.

జనం బోర్డులో కూర్చోరు, వీటో చేయరు. అలాగని ఒత్తిడి లేదనుకోకండి. ఇచ్చిన ప్రతివాడికీ ఒక కోరిక ఉంటుంది, గేమ్ పెరుగుతూ పోతుంది. స్టార్ సిటిజన్ 2012లో మొదలై 70 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది, 2025 ముగిసేనాటికీ పూర్తి గేమ్‌గా విడుదల కాలేదు. మనకి అందుబాటులో ఉన్న దారి స్టీమ్ ఎర్లీ యాక్సెస్. 100 డాలర్ల రుసుము కట్టి, ఉన్నంతవరకు గేమ్ అమ్ముకోవచ్చు. అయితే పజిల్ గేమ్‌ని ఒకసారి విప్పేశాక మళ్లీ ఎవరు ఆడతారు? ఎర్లీ యాక్సెస్ పదేపదే ఆడే గేములకే నప్పుతుంది.

ప్రభుత్వం వైపు చూస్తే, 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. వాటా తీసుకోరు, వడ్డీ లేదు. కొత్త కంపెనీలకి ఆసరా ఇచ్చే సంస్థ, అంటే ఇంక్యుబేటర్ ద్వారా విడతలుగా ఇస్తారు. కంపెనీ రిజిస్టరై రెండేళ్లు దాటకూడదు, కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ డీపీఐఐటీ గుర్తింపు ఉండాలి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఇంక్యుబేటర్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మంగళగిరిలోని రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కి ఒకసారి వెళ్లి మాట్లాడమని మావాళ్లకి చెప్పాను, గుంటూరు నుంచి ఎంతో దూరం కాదు. గ్రాంటు డబ్బు నెమ్మదిగా వస్తుంది, కాగితాలు ఎక్కువ అడుగుతారు. దాని మీద జీతాలు పెట్టుకోవద్దు. వస్తే మాత్రం అంతకంటే ఓపికైన డబ్బు లేదు.

మావాళ్లకి ఏం చెప్పానంటే

80 లక్షలతో 44 నెలలు గడుస్తాయి. 45 లక్షలతో 25 నెలలు. చూడటానికి ఇన్వెస్టర్ వైపే ఎక్కువ ఊపిరి ఉన్నట్టుంటుంది. కానీ ఆ 44 నెలల్లో ఇరవయ్యో నెలకే ఆయనకి తర్వాతి రౌండ్ కోసం ఎదుగుదల అంకెలు కావాలి. పజిల్ గేమ్ విడుదలకి ముందు ఏ అంకెలూ చూపించదు. అప్పుడు మొబైల్‌కి మార్చండి, ప్రకటనలు పెట్టండి అనే మాట వస్తుంది. నాకు వచ్చినట్టే. పబ్లిషర్ డబ్బు 21 నెలల పనికి సరిపోయి, ఇంకా నాలుగు నెలలు చేతిలో ఉంటుంది. ఆయన కోరుకునేదీ ఈ గేమ్ అమ్ముడవాలనే.

కాబట్టి పబ్లిషర్ అన్నాను, మూడు మార్పులు జరిగితే. ఒకటి, బిల్డ్ చూసే గడువు పదిహేను పనిదినాల నుంచి ఏడుకి తగ్గాలి, ఆలోపు జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. రెండు, అడ్వాన్సు మొత్తం ఆదాయంలోంచి రాబట్టుకోవాలి. మూడు, ఆరు నెలల వరకు తేదీ జరిగినా హక్కులకీ వాటాకీ కోత ఉండకూడదు. కుదరకపోతే గేమ్‌ని సగానికి తగ్గించి, పార్ట్‌టైమ్ పనులు చేసుకుంటూ సొంతంగా పూర్తిచేయమన్నాను. మొబైల్ గేమ్ జట్టు ఎవరైనా ఇదే అడిగి ఉంటే ఇన్వెస్టర్ వైపే మొగ్గేవాణ్ని, ఆ రిజర్వ్‌డ్ మ్యాటర్స్ పేజీలో బడ్జెట్ పరిమితిని పది నుంచి నలభై శాతానికి పెంచాక. ఏ దారైనా సంతకానికి ముందు కంపెనీ ఒప్పందాలు చూసే లాయర్‌కి కాగితాలు చూపించండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

మావాడు పబ్లిషర్‌కి మెయిల్ రాశాడు. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. ఆరు నెలలు కుదరదు, మూడు నెలలైతే సరే అన్నారు. దాని మీద ఈ శుక్రవారం మళ్లీ మాట్లాడతారు. బావ మాత్రం నిన్న బ్రాడీపేట పోస్టాఫీసుకి వెళ్లి 18 లక్షలూ సీనియర్ సిటిజన్ పథకంలో వేసి, పాస్‌బుక్ ఫొటో తీసి నాకు పంపాడు.